పాత క్యాంపర్ వ్యాన్‌కి మీటర్ రీడింగ్ కాదు, వయసు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

లోపలే పడుకుని, వండుకుని తిరిగే క్యాంపర్ వ్యాన్ల గురించి ఎక్కడ చూసినా లోపలి బెడ్డు, కర్టెన్లు, లైట్ల ఫోటోలే, చూడ్డానికి బానే ఉంటాయి గానీ పాత బండి కొనేవాళ్ళకి అసలు ఏం చూసుకోవాలో ఎవరూ చెప్పట్లేదు, అందుకే రాస్తున్నా.

"బండి పాతదే కానీ పెద్దగా తిరగలేదండీ" అంటారు అమ్మేవాళ్ళు. నా లెక్కలో అది భయపడాల్సిన మాట. ఇవి ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటాయి, నిలబడ్డ బండికే రిపేర్లు ఎక్కువ. టైర్లలో గ్రిప్ కొత్తదానిలా ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది, ఫుల్ లోడ్‌తో స్పీడ్‌గా పోతుంటే పేలేది అలాంటివే. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి, 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. పదేళ్ళు దాటితే గ్రిప్ ఎంతున్నా తీసేయాల్సిందే. ఇంజిన్ లోపలి భాగాల్ని ఒక లెక్కలో తిప్పే టైమింగ్ బెల్ట్‌కీ కిలోమీటర్లతో పాటు ఏళ్ళ లెక్క కూడా ఉంటుంది, మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకోండి. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి.

వీటన్నిటికన్నా ఎక్కువ బండ్లని పాడుచేసేది నీళ్ళు. రూఫ్ మీద వెంట్‌కనీ సోలార్ ప్యానెల్‌కనీ పెట్టిన ప్రతి కన్నం చుట్టూ నీళ్ళు దిగకుండా పూసే సీలెంట్ ఉంటుంది, అది ఎండకి పగుల్తుంది, నీళ్ళు దిగిన చోటే కనపడవు, ప్లైవుడ్ వెనకాల పాక్కుంటూ పోయి ఇంకెక్కడో తేల్తాయి, మరక కనపడేసరికి లోపల చెక్క ఎప్పుడో కుళ్ళిపోయుంటుంది. మూలల్లో, కిటికీల కింద, తలుపు దగ్గర ఫ్లోర్ మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి, మెత్తగా దిగితే అక్కడితో ఆగిపోండి. ఒక్క మూలే కొత్త పెయింట్ ఉంటే ఎందుకో అడగండి. పాత పగుళ్ళ మీద సిలికాన్ పూసేసి ఉంటే ఇంకా కష్టం, దానిమీద వేరే సీలెంట్ పట్టదు, మొత్తం గీకి తీయాలి. వీలైతే పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్ళి, తలుపు తీయగానే వాసన చూడండి.

బ్యాటరీ సంగతి, 12 వోల్టుల లెడ్ యాసిడ్‌ది ఫుల్ ఛార్జ్ చేసి కొన్ని గంటలు వదిలేశాక 12.7 దగ్గర ఉండాలి, 12 చూపిస్తే సగం కన్నా ఎక్కువే ఖాళీ అయినట్టు.

ఇక గ్యాస్, సార్ ఇది మాత్రం కట్ చేయకుండా వేయండి. రబ్బరు పైపు మీద తేదీ ఉంటుంది, పాతదైతే మార్చేయండి, జాయింట్లకి సబ్బు నీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందకే దిగుతుంది, అది బయటికి పోవడానికే నేలలో కన్నాలు వదుల్తారు, చలేస్తోందనో దుమ్మొస్తోందనో వాటిని మూసేస్తున్నారు, దయచేసి మూయకండి. గ్యాస్ సరిగ్గా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో అసలు తెలీదు. అలారం కచ్చితంగా పెట్టుకోండి, ముందే ఉంటే దాని మీద మార్చాల్సిన తేదీ దాటిందేమో చూసుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు