కుందేలుకూ బీమా ఇవ్వండి, ముందు నుంచి ఉన్న జబ్బుతో సహా

గౌరవనీయులైన బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) ఛైర్‌పర్సన్ గారికి,

నమస్కారం.

మీ ప్రధాన కార్యాలయం మా ఊళ్లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. హైదరాబాద్‌లో కుందేళ్లు పెంచుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. పెంపుడు కుందేళ్లకు వైద్య బీమా వచ్చేలా చూడండి. అది వచ్చిన రోజున "ఈ జబ్బు ముందే ఉంది" అని ఒక్క మాటతో క్లెయిమ్ కొట్టేసే వీలు లేకుండా నిబంధన రాయండి. ఈ రెండో కోరిక తీరకపోతే మొదటిది తీరినా మాకు ఒరిగేదేమీ ఉండదు. ఎందుకో వివరంగా చెప్తాను.

మా ఇంట్లో మల్లి అనే ఆడ కుందేలు ఉంది. దానికి దవడ పళ్ల జబ్బు. కుందేలుకు 28 పళ్లు ఉంటాయి, అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలడం వల్ల పైపళ్లూ కిందిపళ్లూ ఒకదానికొకటి రాసుకుని సమంగా అరగాలి. దవడ అమరిక తేడాగా ఉంటే అరగవు. మల్లికి ఆ ఇబ్బంది మొదలైనప్పుడు ముందు గిన్నె దగ్గరే తెలిసిపోతుంది. గడ్డిపోచ నోట్లోకి లాక్కుంటుంది, రెండుసార్లు నమిలి వదిలేస్తుంది. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి అట్టకడుతుంది. పెంటికలు చిన్నవైపోతాయి, సంఖ్య తగ్గిపోతుంది. డాక్టరు గారు చెవులు పరీక్షించే లైటును నోట్లోకి పెట్టి చూస్తే, కింది దవడ పన్ను అంచున ముల్లు లేచి నాలుకను కోస్తూ కనబడుతుంది. మత్తు ఇచ్చి ఆ ముల్లును అరగదీయాలి. పన్ను పెరగడం ఆగదు కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. మళ్లీ మత్తు, మళ్లీ నాలుగైదు వేల బిల్లు. ఆ తర్వాత రెండు మూడు రోజులు నానబెట్టిన మేతను సిరంజితో నోటి పక్క నుంచి పట్టాలి. ఎందుకంటే కుందేలు ఒక పూట తినకపోయినా పేగుల కదలిక మందగిస్తుంది. అది పూర్తిగా ఆగితే ప్రాణం మీదకే వస్తుంది.

ఒక బీమా కంపెనీకి ఫోన్ చేసి అడిగితే కుందేలు తమ జాబితాలోనే లేదన్నారు. నేను చదివిన పెంపుడు జంతువుల పాలసీలన్నీ కుక్కలకు, కొన్ని పిల్లులకు మాత్రమే. అలాగని మన దేశంలో బీమాకు కుందేలు కొత్తదేమీ కాదు. కేంద్రం నడిపే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ పశుబీమాలో గొర్రె, మేక, పందితో పాటు కుందేలు పేరు కూడా ఉంది. ఫారంలో పెంచే కుందేలు చనిపోతే రైతుకు పరిహారం వస్తుంది. రైతుకు అది రావాల్సిందే, అందులో నాకు మరో మాట లేదు. అదే జంతువు ఇంట్లో పెరుగుతూ జబ్బుపడితే, దాన్ని బతికించుకోవడానికి సాయపడే పాలసీ ఎందుకు ఉండకూడదు అన్నదే నా ప్రశ్న.

ఇక ముందు నుంచి ఉన్న జబ్బుల సంగతి. కుక్కల పాలసీలోని షరతును యథాతథంగా తెచ్చి కుందేలుకు తగిలిస్తే, కట్టిన ప్రీమియం కట్టినట్టే పోతుంది. కుందేలు జబ్బుల తీరు వేరు. పొట్టి మూతి జాతులకు దవడ తేడా పుట్టుకతోనే ఉండొచ్చు, ముల్లు బయటపడేది మాత్రం ఏళ్ల తర్వాత కావచ్చు. తల ఒక పక్కకు వాలిపోయే జబ్బుకు ఎన్‌సెఫాలిటోజూన్ క్యూనిక్యులై అనే పరాన్నజీవి ఒక ప్రధాన కారణం. అది చాలాసార్లు పిల్లగా ఉన్నప్పుడే తల్లి నుంచి అంటుకుంటుంది, ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో ఉండిపోతుంది. పైగా కుందేలు వేటకు గురయ్యే జంతువు. నొప్పి ఉన్నా పైకి కనిపించనివ్వదు. మనకు తెలిసేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. ఇలాంటి జంతువు విషయంలో కంపెనీ తలుచుకుంటే ప్రతి జబ్బునూ "పాలసీకి ముందే మొదలైంది" అనొచ్చు. కాదని చెప్పడానికి మా దగ్గర ఏముంటుంది? ముర్గీ చౌక్‌లోనో, ఏదో పెట్ షాపులోనో కొన్న పిల్లకు పాత రికార్డు ఉండదు. ఎవరో వదిలేస్తే జాలిపడి తెచ్చుకున్నదానికి వయసు కూడా సరిగ్గా తెలియదు.

మనుషుల విషయంలో మీరు ఈ చిక్కుముడిని చాలావరకు విప్పారు. 2024లో ముందున్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్‌ను, అంటే క్లెయిమ్ చేసే ముందు ఆగాల్సిన కాలాన్ని, గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించారు. ఐదేళ్లు ఆపకుండా ప్రీమియం కట్టినవాళ్ల క్లెయిమ్‌ను, మోసం రుజువైతే తప్ప, ఏదో దాచారన్న కారణంతో తిరస్కరించకూడదన్నారు. అంతకుముందు అది ఎనిమిదేళ్లు ఉండేది. మా అమ్మలాంటి షుగర్ పేషెంట్లకు ఆ మార్పు ఎంత ధైర్యమిచ్చిందో దగ్గరుండి చూశాను. జబ్బు ఉన్నంత మాత్రాన బీమాకు అనర్హులు కారు, కొంత కాలం ఆగితే చాలు అన్న సూత్రం అందులో ఉంది. ఆ సూత్రాన్నే కుందేలు ఆయుష్షుకు తగ్గట్టు కుదించమంటున్నాను. బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. దానికి మూడేళ్ల వెయిటింగ్ అంటే జీవితంలో దాదాపు మూడో వంతు. ఆరు నెలలైతే న్యాయంగా ఉంటుంది. మరీ కాదంటే ఏడాది.

బయటి దేశాల్లో చూసి నేర్చుకోవాల్సినవీ, వద్దనుకోవాల్సినవీ రెండూ ఉన్నాయి. బ్రిటన్‌లో కుందేళ్లకు బీమా దొరుకుతుంది, కానీ ముందున్న జబ్బులను అక్కడా మామూలుగా పక్కనే పెడతారు. ఆ పద్ధతి మనకొద్దు. అమెరికాలో రాష్ట్రాల బీమా నియంత్రణాధికారుల సంఘం ఎన్‌ఏఐసీ 2022లో పెంపుడు జంతువుల బీమాకు ఒక నమూనా చట్టం ఆమోదించింది. జబ్బు ముందే ఉందని కంపెనీ అంటే, దాన్ని నిరూపించాల్సిన భారం కంపెనీదే అని అందులో ఉంది. ఒక పాలసీలో కవరైన జబ్బును రెన్యువల్ అప్పుడు ముందున్న జబ్బుగా లెక్కకట్టకూడదని కూడా ఉంది. ఆ చట్టంలో ఇంకేం ఉన్నా లేకపోయినా, ఈ రెండు వాక్యాలు మన నిబంధనల్లోకి రావాలి. ముఖ్యంగా రెండోది. మొదటి ఏడాది పంటికి డబ్బిచ్చి, రెండో ఏడాది అదే పంటిని మినహాయింపుల్లో చేరిస్తే అది బీమా అనిపించుకోదు.

కంపెనీల భయం నాకు తెలియకపోలేదు. జబ్బు చేశాకే అందరూ పాలసీ కొంటే ఆ లెక్క ఎక్కడా నిలబడదు. అందుకే చేరేటప్పుడే పశువైద్యుడి పరీక్ష పెట్టమనండి. నోట్లో లైటు పెట్టి దవడ పళ్లు చూడాలి, అవసరమైతే తలకు ఎక్స్‌రే తీయాలి. ఆ రోజు కనబడిన జబ్బులు మాత్రమే పాలసీ పత్రంలో పేరుపేరునా రాయాలి. రాయని జబ్బును తర్వాత తవ్వితీయకూడదు. రాసిన జబ్బుకు వెయిటింగ్ అయ్యాక కో-పే (బిల్లులో కొంత వాటా మేమే కట్టే షరతు) పెట్టుకోనీయండి, ఏడాదికింత అని పరిమితి పెట్టుకోనీయండి. మల్లి పంటికయ్యే ఖర్చులో సగం వచ్చినా మాకు పెద్ద ఊరటే. మైక్రోచిప్ వేయించమన్నా వేయిస్తాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. కాబట్టి ఆపరేషన్ చేయించినవాటికి ప్రీమియం తగ్గిస్తే కంపెనీకీ లాభమే, కుందేలుకీ మేలే.

మత్తు గురించి కూడా ఒక మాట. బ్రిటన్‌లో 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం ఉంటే కుందేళ్లలో 1.39 శాతం ఉన్నాయి. మల్లిని లోపలికి తీసుకెళ్లిన ప్రతిసారీ బయట బెంచీ మీద మా టెన్షన్ చెప్పనలవి కాదు. మత్తులో జరిగే నష్టాన్ని మినహాయింపుల్లో పెట్టకుండా చూడండి. పళ్ల చికిత్సంతా మత్తు మీదే ఆధారపడినప్పుడు, అది లేని పాలసీ మాకు అక్కరకు రాదు.

ఇందులో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు. ముందస్తు అనుమతి లేకుండానే చాలా రకాల సాధారణ బీమా పాలసీలను మార్కెట్లోకి తెచ్చే వీలు 2022లోనే మీరు కంపెనీలకు ఇచ్చారు. ప్రయోగాత్మక పాలసీలకు 2019 నుంచే రెగ్యులేటరీ శాండ్‌బాక్స్ ఉంది, అంటే కొత్త పాలసీని ముందు చిన్న స్థాయిలో పరీక్షించి చూసే ఏర్పాటు. కంపెనీలు తమంతట తాము కుందేళ్ల వైపు చూడవు, లెక్కకు సరిపడా సమాచారం లేదంటాయి. ఆ సమాచారం పోగవ్వాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. హైదరాబాద్‌లోనే ఒక శాండ్‌బాక్స్ పాలసీ పెట్టించండి. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి అధ్యాపకులతో పాటు, నగరంలో కుందేళ్లకు రోజూ వైద్యం చేస్తున్న ప్రైవేటు డాక్టర్లను కూడా కూర్చోబెట్టి, చేరేటప్పటి పరీక్ష పత్రం తయారు చేయించండి. కుక్కల పత్రంలో పేరు మార్చింది కాకుండా, కుందేలు కోసమే రాసిన పత్రం కావాలి.

నిబంధనల ముసాయిదాలను ప్రజాభిప్రాయం కోసం మీ సంస్థ ఎప్పుడూ వెబ్‌సైట్‌లో పెడుతూనే ఉంటుంది. పెంపుడు జంతువుల బీమా మీద ముసాయిదా తయారైతే దాన్ని తెలుగులో కూడా పెట్టించమని మనవి. డాక్టరు చీటీలు, బిల్లులు, ఎక్స్‌రేలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ కమిటీ అడిగితే అన్నీ తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
భవదీయురాలు,
తార్నాక నుంచి ఒక పాలసీదారు