రోజూ ఉండేదే

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ప్రభువు కృప వల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం. అబ్బాయికి కూడా మా ఆశీస్సులు చెప్పు. ఈ ఉత్తరం అతనికి చూపించాలా వద్దా అన్నది చదివాక నువ్వే తేల్చుకో.

మొన్న ఫోన్లో "ఏంటమ్మా విశేషాలు" అని అడిగితే, "ఏముంటాయి నాన్నా, రోజూ ఉండేదే" అన్నావు. గొంతులో బాధ లేదు, కోపం లేదు. చిన్న నిట్టూర్పు మాత్రం ఉంది. ఫోన్లో నాకు సమయానికి మాట తట్టదని నీకు తెలుసుగా, "సరేనమ్మా, అమ్మకిస్తున్నా" అని తప్పించుకున్నాను. ఆ రాత్రి నుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. అదే మాట నేను పాతికేళ్లు అన్నాను తల్లీ. దాని సంగతి నాకు బాగా తెలుసు.

మనకంటే ముందు, ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడి అరణ్యంలో నడిచిన ఇశ్రాయేలీయులు అన్నదీ అదే. బైబిల్లో సంఖ్యాకాండము 11వ అధ్యాయం తీసి చూడు. రోజూ ఆకాశం నుంచి వాళ్లకోసం కురిసే ఆహారం పేరు మన్నా. ఈ మన్నా తప్ప మా కళ్లెదుట మరేమీ లేదని గుడారాల గుమ్మాల్లో కూర్చుని ఏడ్చారు. ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, దోసకాయలు గుర్తొస్తున్నాయట. ఉచితంగానట! వెట్టిచాకిరీ చేసి తిన్నవాళ్లు ఆ మాట అనగలిగారంటే, మనిషి జ్ఞాపకం ఎంత గడుసుదో చూడు. అదే మన్నా మొదటిసారి నేల మీద మంచులా కనిపించిన పొద్దున వీళ్లే "ఇదేమిటి?" అని ఒకరినొకరు అడుగుకున్నారు. ఆ ఆశ్చర్యమే దానికి పేరైంది.

ఆ ఆశ్చర్యానికీ ఈ ఏడుపుకీ మధ్య ఎంతకాలం గడిచిందో తెలుసా? నేను కూర్చుని లెక్కవేశాను. (నీకు నవ్వొస్తుందని తెలుసు. రిటైరైనవాడికి ఇంకేం పని.) సీను అరణ్యానికి వాళ్లు చేరింది ఐగుప్తు విడిచిన రెండో నెల 15వ రోజున. మన్నా కురవడం అక్కడే మొదలైంది. సీనాయి దగ్గర నుంచి గుడారాలు ఎత్తింది రెండో సంవత్సరం రెండో నెల 20వ రోజున. ఆ తర్వాత కొద్ది రోజులకే ఈ ఏడుపు. అంటే అటూఇటూగా ఏడాది. నీ పెళ్లికీ మొన్నటి ఫోనుకీ మధ్య కూడా దాదాపు అంతే. కాబట్టి నువ్వేదో తప్పు మాట అన్నావని దిగులు పడకు. సరిగ్గా వేళకే అన్నావు.

మన్నాలో నాకు నచ్చే సంగతి ఇంకోటి ఉంది. దాచుకుంటే ఉండేది కాదు. రేపటికని మిగిల్చినవాళ్లకు తెల్లారేసరికి పురుగులు, కంపు. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రమే రెండింతలు ఏరుకోవచ్చు, అది పాడయ్యేది కాదు. మిగతా అన్ని రోజులూ ఏ పొద్దుటిది ఆ పొద్దున వంగి ఏరుకోవాల్సిందే. కాపురం కూడా ఇంతేననిపిస్తుంది నాకు. పోయిన నెలలో పలకరించిన పలకరింపు ఈ నెలకు సరిపోదు. పెళ్లిరోజు నాడు చెప్పిన మంచిమాట ఏడాదంతా నిలవ ఉండదు. నేను ఉంటుందనుకున్నాను. "ఒకసారి చెప్పాను కదా, మారితే మళ్లీ చెప్తాను" అనే రకం నేను.

అలా 40 ఏళ్లు కురిసింది. దేవుడు మాటిచ్చిన కనాను దేశం చేరి, వాళ్లు అక్కడి పంట తిన్న మరునాడు ఆగిపోయింది. యెహోషువ గ్రంథంలో ఆ సంగతికి ఒక్క వచనం. ఆగిన పొద్దున అలవాటు కొద్దీ గిన్నె పట్టుకుని బయటికి వచ్చిన ముసలమ్మ ఒక్కతైనా ఉండి ఉండదా అనుకుంటాను. రాయలేదు మరి.

నీ పెళ్లిలో పాస్టరు గారు చెప్పించిన ప్రమాణం గుర్తుందా? నీ గొంతు వణుకుతోంది, అతను చెమటలు తుడుచుకుంటున్నాడు, గుర్తుండకపోవచ్చు. నేను ముందు వరసలో కూర్చుని ఒక్కో మాటా విన్నాను. మేలుకైనా కీడుకైనా, కలిమిలోనైనా లేమిలోనైనా, వ్యాధిలోనైనా ఆరోగ్యంలోనైనా. ఈ మాటలు 1549లో ఇంగ్లండులో అచ్చయిన ప్రార్థనా పుస్తకంలోవి. కొద్ది మార్పులతో ఈనాటికీ ఎన్నో సంఘాల్లో వధూవరులు ఇవే పలుకుతున్నారు. గొప్ప మాటలు. కానీ ఒక్కటి గమనించు. అన్నీ కొసలే. కలిమి ఒక కొస, లేమి ఒక కొస. మా కాపురంలో అంత కలిమి చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అంత లేమి చూసినవీ అంతే. మిగిలినవన్నీ మధ్య రోజులు. దీపం ఆర్పావా, తాళం ఎక్కడ పెట్టావు, రేపు ఎన్నింటికి లేవాలి. ప్రమాణంలో వాటి ఊసే లేదు. నేను వాటిని లెక్కలోకే తీసుకోలేదు, అమ్మ మణికట్టు విరిగేదాకా.

అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఆరు వారాలు సిమెంటు కట్టు. పెద్ద జబ్బేం కాదు, ప్రమాణంలో 'వ్యాధి' అన్నంత మాట దానికి ఎక్కువే. మొదటి వారం ఇల్లు నేను బాగానే నడుపుతున్నానని మురిసిపోయాను. రెండో వారం ఆఫీసుకు బయలుదేరుతుంటే చొక్కా గుండీ ఊడి చేతిలోకొచ్చింది. మర్నాడు ఇంకో చొక్కాది. నిలబడిపోయాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు గుండీ ఊడిన జ్ఞాపకమే లేదు! నా చొక్కాలకు గుండీలు ఊడవు కాబోలు అనుకున్నానేమో, అసలు ఏమీ అనుకోలేదేమో. అమ్మని అడిగితే, "ఆదివారం రాత్రి మీరు పడుకున్నాక చూసుకుంటానండీ, వదులైనవి బిగిస్తాను" అంది, అదో విషయమే కానట్టు.

ద్వితీయోపదేశకాండములో, వాళ్లను నడిపించిన మోషే ముసలితనంలో ప్రజలకు గుర్తుచేసిన మాట ఒకటుంది: ఈ 40 ఏళ్లూ మీ బట్టలు పాతగిలలేదు, మీ కాళ్లు వాయలేదు. ఎర్ర సముద్రం పాయలైతే అందరూ చూశారు, పాట కట్టి పాడారు. చిరగని బట్ట ఎవరికి కనిపిస్తుంది? వాయని కాలి గురించి ఎవరు సాక్ష్యం చెబుతారు? ఆ వచనం అంతకుముందు వంద సార్లు చదివి ఉంటాను. ఊడిన గుండీ చేతిలో పట్టుకున్నాకే అర్థమైంది.

యేసు వెళ్లిన కానా ఊరి పెళ్లి సంగతి కూడా అప్పుడే కొత్తగా తోచింది. అందరూ నీళ్లు ద్రాక్షారసమైన అద్భుతం గురించి చెబుతారు. నాకు ఆ పెళ్లికొడుకు మీద ధ్యాస. విందు ప్రధాని రుచి చూసి అతన్ని పిలిచి, మంచి రసం ఇప్పటిదాకా దాచి ఉంచావే అని మెచ్చుకున్నాడు. పాపం అతనికి రసం అయిపోయిందనీ తెలియదు, మళ్లీ ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆరు రాతి బానలు అంచులదాకా నింపి, ముంచి తెచ్చిన పరిచారకులకే తెలుసు. సువార్తలో యోహాను ఆ ముక్క పనిగట్టుకుని రాశాడు. పెళ్లికొడుకు ఏం జవాబిచ్చాడో మాత్రం రాయలేదు. నాలాంటివాడైతే నవ్వి తలూపి ఉంటాడు. ఇన్నేళ్లూ ఇంటికొచ్చినవాళ్లు "మీ ఇల్లు ఎంత పద్ధతిగా ఉంటుందండీ" అంటే నేను తలూపలేదూ!

సరే, బుద్ధొచ్చింది. ఆ రోజు కుటుంబ ప్రార్థనలో గుండీల సంగతి చెప్పి, ఇలాంటి భార్యనిచ్చినందుకు స్తోత్రం ప్రభువా అని కాస్త గొంతు పెంచే ప్రార్థించాను. ఆమెన్ అన్నాక కళ్లు తెరిస్తే అమ్మ నన్నే చూస్తోంది. "దేవుడికి చెప్పారు, బాగానే ఉంది. నాకెప్పుడు చెప్తారు?" అంది.

నాకు నోట మాట రాలేదు. నిజమే కదా! పక్కన కూర్చున్న మనిషిని పక్కనపెట్టి పైకి చెప్పడం నాకు తేలిక. ఆయన ఎదురు మాట్లాడడు, కళ్లలోకి చూడడు. ఆమెకు చెప్పాలంటే సిగ్గు. ఆ సిగ్గుకు భక్తి అని పేరుపెట్టుకుని బతికేశాను. ఆ రాత్రి చెప్పాను. ఎలా చెప్పానో అడక్కు, సగం మాటలు గొంతులోనే ఉండిపోయాయి. అమ్మ అంతా విని, "గడియ" అంది. ఏ గడియ అన్నాను. "రాత్రి మీరు గడియ పెట్టి, మళ్లీ ఒకసారి లాగి చూసి వస్తారు కదా. రెండుసార్లు ఎందుకని మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు ఆ రెండో చప్పుడు వింటేగానీ నిద్ర పట్టదు. నేనూ మీకెప్పుడూ చెప్పలేదు." నాకది చాదస్తమని నువ్వు కూడా వెక్కిరించేదానివి. చూశావా, అది ఒకరికి జోలపాట.

ఇక్కడ ఒక్క సంగతి తేటగా చెప్పాలి. కృతజ్ఞత పేరుతో ఆడపిల్లల నోరు నొక్కినవాళ్లను సంఘాల్లో చూశాను. "ఉన్నదానికి స్తుతించు, సణగకు" అని బోధించి, దెబ్బలు తిన్న పిల్లను తిప్పి పంపిన పెద్దమనుషులు కూడా ఉన్నారు. నాకు వాళ్లతో పొత్తు లేదు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది. విషయమునందు అన్నాడు పౌలు, కీడు జరిగినందుకు అనలేదు. ఎఫెసీ పత్రికలో "సమస్తమునుగూర్చి" అని ఉంది కదా నాన్నా అంటావేమో, నువ్వు అడిగే పిల్లవే. అక్కడ ఐదు వచనాలు దాటగానే భర్తలతో ఏమన్నాడో కూడా చదువు: క్రీస్తు సంఘం కోసం తన్నుతాను అప్పగించుకున్నట్టు మీ భార్యలను ప్రేమించండి. ఆ రెండో మాట లేని ఇంట్లో మొదటి మాటను ఆయుధం చేయకూడదు. కీర్తనల్లో ఎన్నో మొరలే. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అనే ప్రశ్నతోనే మొదలవుతుంది. నీకు నొప్పి కలిగితే నొప్పి అనే చెప్పు. అతనికి చెప్పు, దేవుడికి చెప్పు, మాకు చెప్పు. అవమానమో దెబ్బో అయితే ఏ వేళైనా బయలుదేరి వచ్చెయ్. ఆ రోజు గడియ తీసే ఉంటుంది. అబ్బాయి అలాంటివాడు కాడని తెలుసు, నాకతను ఇష్టం. అయినా నాన్నగా రాయాలి కదా.

ఇక నీ నిట్టూర్పు సంగతి. దానికి మందు నా దగ్గర లేదు. ఒక ఆట మాత్రం ఉంది, నీకు తెలిసిందే. 136వ కీర్తన. 26 వచనాలు, ప్రతి వచనం చివరా "ఆయన కృప నిరంతరముండును". ఆకాశాలు, సూర్యచంద్రులు, ఎర్ర సముద్రం, పడిపోయిన రాజులు, అంతా చెప్పుకొచ్చి, ముగించే ముందు 25వ వచనంలో సమస్త జీవులకూ ఆయన ఆహారమిస్తున్నాడు అంటుంది. అంత ఎత్తునుంచి రోజూ తినే ముద్ద దగ్గరికి దిగి వస్తుంది. ఐగుప్తు రాజు ఫరోను ముంచిన కృప, ముద్ద పెట్టిన కృప ఒకటేనట, పల్లవి మారలేదు.

నీ చిన్నప్పుడు రాత్రి ప్రార్థనలో మనం దాన్ని ఆడేవాళ్లం. ఒకరు ఆ రోజు సంగతి ఒకటి చెప్పాలి, మిగతా ఇద్దరం పల్లవి అనాలి. అమ్మ ఎప్పుడూ తూకంగా చెప్పేది. నేను ప్రసంగంలా చెప్పేవాణ్ణి. నీకు ఆరేళ్లుంటాయి, ఒకరోజు కళ్లు గట్టిగా మూసుకుని, "లైటు ఆర్పేశాక చీకట్లో నాన్న గురక వినిపిస్తుంది" అన్నావు. అమ్మకు నవ్వాగక పల్లవి సగంలో తెగిపోయింది. నాకు ఉక్రోషం వచ్చింది. నువ్వు మాత్రం నవ్వలేదు. చీకటంటే భయపడే పిల్లవి, నిజంగానే స్తుతిస్తున్నావని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

మీ ఇద్దరే కదా ఉన్నారు, ఒకరు చెబితే ఒకరు పల్లవి అనుకోండి. నాలుగు చాలు, 26 అక్కర్లేదు. మొదట్లో నవ్వొస్తుంది, రానీ. పెద్ద సంగతులకోసం వెతక్కు. అతను నీకోసం ఏం చేస్తాడో నాకు తెలియదు, నీకూ కొన్ని తెలియకపోవచ్చు. ఏ గుండీలు ఊడటం లేదో చూడు.

అమ్మ ఉత్తరం అడుగుతోంది, తనూ ఏదో రాస్తుందట. ఉంటాను తల్లీ.

ప్రేమతో,
మీ నాన్న

బంగారూ, మీ నాన్న రాసిందంతా చదివాను. గుండీల సంగతి నిజమే, ఇప్పుడు ఆయనే కుట్టుకుంటున్నారు, వంకరగా. చేతికి కట్టు ఉన్నది ఆరు కాదు, ఏడు వారాలు. గురక ఇంకా పెరిగింది. నేను కూడా ఇప్పుడు పల్లవి పూర్తిగానే అంటున్నాను. అమ్మ.