బ్లూరే ప్లేయర్ ఎవరి ఇంటికి?

విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,
అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. సంక్రాంతికి వచ్చేటప్పుడు మాకొక బ్లూరే ప్లేయర్ తెస్తామని, బీరువాలోని డీవీడీలన్నీ ఎవరికైనా ఇచ్చేసి వాటి స్థానంలో బ్లూరేలు కొందామని అల్లుడుగారు అన్నట్లు రాశావు. ఆ ఖర్చు మీ ఇంటికి తగినదే గాని, ఎంవీపీ కాలనీలోని మన ఇంటికి దండగ. డీవీడీలను మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. కారణాలు కొంచెం వివరంగానే రాస్తున్నాను. రిటైరైనా ఫిజిక్సు పాఠం చెప్పే అలవాటు పోలేదని మీ నాన్నగారు పక్కన నవ్వుతున్నారు.

బ్లూరే అనేది డీవీడీ తరువాత వచ్చిన డిస్కు. రెండు డిస్కులూ చూడటానికి ఒకే పరిమాణంలో ఉంటాయి. డీవీడీని చదివే ఎర్రని లేజరు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, బ్లూరే లేజరుది 405. తరంగదైర్ఘ్యం తగ్గినకొద్దీ కాంతిని మరింత చిన్న చుక్కగా కేంద్రీకరించవచ్చు కాబట్టి, డిస్కు మీది వరుసల మధ్య ఎడం 0.74 మైక్రాన్ల నుంచి 0.32 మైక్రాన్లకు తగ్గి, ఒక్కొక్క పొరలో 4.7 గిగాబైట్లకు బదులు 25 గిగాబైట్లు పడుతున్నాయి. ఆ చోటు దొరకడం వల్లనే 720×576 చుక్కల బొమ్మ 1920×1080 అయింది. లెక్క వేసి చూడు, సరిగ్గా అయిదు రెట్లు.

అయితే ఆ అయిదు రెట్లూ కంటికి ఆనాలి కదా. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతలను విడదీసి చూడలేదు. మన 32 అంగుళాల టీవీలో డీవీడీ గీతలు, అంటే బొమ్మలో అడ్డంగా ఉండే చుక్కల వరుసలు, దాదాపు ఎనిమిది అడుగుల దూరానికే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మన సోఫా పది అడుగుల దూరంలో ఉంది. అక్కడ కూర్చుంటే ఆ అదనపు చుక్కలు నాకూ కనబడవు, శుక్లాల ఆపరేషన్ అయిన మీ నాన్నగారికీ కనబడవు. మీ 55 అంగుళాల టీవీ విషయం వేరు. దానిమీద డీవీడీ గీతలు పదమూడు అడుగుల దాకా కంటికి దొరుకుతాయి, బ్లూరే గీతలు ఏడడుగులకే కలిసిపోతాయి. మీరు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటారు కాబట్టి లాభం దాదాపు పూర్తిగా మీకు దక్కుతుంది. పైగా మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో, అంటే బాగా వెడల్పైన తెర కోసం, తీసినవి. పైనా కిందా నల్లపట్టీలు పోగా డీవీడీలో అసలు బొమ్మకు మిగిలేవి సుమారు 436 గీతలు. పాత చదరపు టీవీల కోసం తయారుచేసిన డిస్కుల్లోనైతే సుమారు 327 మాత్రమే. పెద్ద టీవీ మీద ముఖాలు అలికినట్లు ఉంటున్నాయని నువ్వు చెప్పింది ఇందుకే.

డీవీడీ మీద వేసే నిందలో కొంత దాన్ని తయారుచేసినవారికి చెందుతుంది. బీరువాలో ఉన్నవాటిలో ఒకే డిస్కులో మూడేసి సినిమాలు కుక్కినవి చాలా ఉన్నాయి. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 గిగాబైట్లే. రెండున్నర గంటల సినిమా ఒక్కటే పెడితే సెకనుకు ఏడున్నర మెగాబిట్ల సమాచారం వాడుకోవచ్చు. మూడు పెడితే రెండున్నరకు దిగిపోతుంది. వాన సన్నివేశం, జాతర సన్నివేశం వచ్చినప్పుడల్లా బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవడం అందువల్లనే. బ్లూరే అన్నంత మాత్రాన ఈ బాధ తప్పుతుందని అనుకోకు. సినిమాను నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసి ఉండాలి; అరిగిన ప్రింటు నుంచి ఎప్పుడో తీసిన వీడియో టేపునే పెద్దది చేసి బ్లూరేలో పెడితే, లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది? మీ నాన్నగారు మళ్లీ మళ్లీ చూసే నలుపు తెలుపు సినిమాలు బ్లూరేలో దొరకడమే అరుదు. అందుచేత మీరు కొనదలిస్తే, ఫోటోగ్రఫీ కోసం చూసే సినిమాలు కొన్నింటిని ఏరి కొనండి. మిగిలినవాటికి ఉన్న డీవీడీలే చాలు. బ్లూరే ప్లేయర్ వాటిని కూడా ఆడిస్తుంది, బొమ్మను టీవీకి తగినట్లు పెంచి చూపిస్తుంది.

సంగీతం నేర్చుకున్నదానివి కాబట్టి ఇంకొకటి చెప్పాలి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను, మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ పద్ధతి డీవీడీల్లో 25 ఫ్రేములుగా నడుపుతారు. దానివల్ల సినిమా నాలుగు శాతం వేగంగా నడవడమే కాక, చాలావాటిలో పాట శ్రుతి కూడా ఆ మేరకు పెరుగుతుంది. బ్లూరేలో 24 అలాగే నిలుస్తుంది. మంచి స్పీకర్లు పెట్టుకునే ఉద్దేశం ఉంటే, కుదింపులో ఏమీ నష్టపోని ధ్వని కూడా అందులో వస్తుంది. టీవీ స్పీకర్లతో వినేవారికి అది లెక్కలోకి రాదు.

కొనేదేదో ఆలస్యం చేయకుండా కొనండి. శామ్‌సంగ్ 2019లోనే కొత్త బ్లూరే ప్లేయర్లు తేవడం మానేసింది, ఎల్‌జీ 2024లో ఆపింది. అన్నయ్య చేత అమెరికా నుంచి డిస్కులు తెప్పించుకుంటే అట్ట వెనుక రీజియన్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోమను: అక్కడిది ఏ, మనది సీ. ఇంకా ఎక్కువ చుక్కలుండే అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కులకు మాత్రం ఈ పేచీ లేదు. అన్నీ నెట్‌లో వస్తుంటే డిస్కులు ఎందుకని అల్లుడుగారు అనవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత కరెంటు వచ్చినా నెట్ సరిగా లేని రోజుల్లో ఈ ఊళ్లో ఏం చూశామో నీకు గుర్తుండే ఉంటుంది.

మన ఇంటికి నిజంగా కావలసిన మార్పు వేరే ఉంది. మన పాత ప్లేయర్‌ను ఇంకా పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైర్లతోనే టీవీకి కలుపుతున్నాము. ఆ పసుపు వైరులో వెలుగూ రంగూ కలిసి ప్రయాణించడం వల్ల అంచుల దగ్గర చుక్కలు పాకుతాయి. హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు డీవీడీ ప్లేయర్ తెస్తే ఆ తేడా పది అడుగుల నుంచి కూడా తెలుస్తుంది.

అంతకన్నా తొందరగా చేయవలసినది మీ పెళ్లి డీవీడీల సంగతి. కొన్న సినిమా డిస్కుల్లో సమాచారం అచ్చువేసినట్లు ఉంటుంది గాని, ఫోటోగ్రాఫరు రాసిచ్చిన డిస్కుల్లో అది ఒక రంగుపొర మీద ఉంటుంది. ఆ పొర ఎండకూ వేడికీ తేమకూ క్షీణిస్తుంది, మన సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు. అందులో రెండో డిస్కు తాళి కట్టే ముందు ఆగుతున్నది. కాబట్టి బ్లూరే ప్లేయర్ మీ ఇంట్లోనే పెట్టుకుని, మాకు ఒక హార్డ్ డిస్కూ, డీవీడీ డ్రైవు ఉన్న అల్లుడుగారి పాత ల్యాప్‌టాపూ తీసుకురండి. భోగినాడు కూర్చుని అన్నీ కాపీ చేసేద్దాం.

ఇట్లు,
మీ అమ్మ