ఎండుటాకులను చెత్త లెక్కలో రాయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

తొలకరి పడితే చాలు, ఈ ఏడు ఎన్ని కోట్ల మొక్కలు నాటబోతున్నామో అధికారులు ప్రకటించడం, పత్రికలు దాన్ని అచ్చు వేయడం ఆనవాయితీ అయిపోయింది. 2015 జూలైలో మొదలైన హరితహారమైనా, ఇప్పటి వనమహోత్సవమైనా లెక్కంతా మొక్కల్లోనే. నాటినవాటిలో ఎన్ని బతికాయని నిలదీసేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు, సంతోషం. ఆ మొక్క కింద ఉన్న మట్టి సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

మా పేట పార్కులో రోజూ జరిగేది చెబుతాను. పొద్దున్నే చీపుర్లు మొదలవుతాయి. వాకింగ్ ట్రాక్ ఊడిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ప్రహరీ పక్కన, జనం నడవని చోట, కానుగ చెట్ల కింద కూడా ఎర్రమట్టి తేలేదాకా గీకేస్తారు. ఆకులన్నీ బస్తాల్లో కుక్కి ట్రాలీ ఆటో ఎక్కిస్తారు. ఆటో రాని రోజు మూలకు తోసి అగ్గిపుల్ల గీస్తారు. బహిరంగంగా చెత్త తగలబెడితే 5 వేలు, పెద్ద ఎత్తున అయితే 25 వేల రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ఊడ్చేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. నేల నున్నగా కనిపించకపోతే వాళ్లకే చీవాట్లు పడతాయి.

ఇందులో పోయేది ఏమిటంటారా? ప్రపంచం మొత్తం మీద మట్టిలో దాగిన కార్బన్, గాలిలోనూ చెట్టూచేమల్లోనూ ఉన్నదంతా కలిపినా అంతకంటే ఎక్కువే. అది మట్టిలోకి ఎలా చేరుతుందంటే, ఆకు రాలి కుళ్లి కలుస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం. అది సగం కథే. స్వీడన్‌లోని దీవుల అడవుల్లో జరిపిన పరిశోధన ఒకటి 2013లో అచ్చయింది. అక్కడి నేలలో పోగుపడిన కార్బన్‌లో 50 నుంచి 70 శాతం వేళ్ల నుంచీ, వేళ్లను అంటిపెట్టుకున్న శిలీంధ్రాల నుంచీ వచ్చిందేనని తేలింది. అంటే పైనుంచి రాలినదానికంటే కింద పుట్టిందే ఎక్కువ.

వేరూ శిలీంధ్రమూ కలిసి చేసే ఈ కాపురానికి మైకోరైజా అని 1885లో పేరు పెట్టింది జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్. మన రైతులకు ఇందులో ఒక రకం ‘వ్యామ్’ పేరుతో ఎప్పటినుంచో పరిచయం. నేను వృక్షశాస్త్రం చెప్పిన రోజుల్లో ప్రాక్టికల్స్‌లో వేప మొక్క సన్న వేళ్లను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి, ట్రైపాన్ బ్లూ రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద పెట్టించేవాణ్ని. వేరు కణం లోపల నీలంగా, కొమ్మలూ రెమ్మలూ వేసిన బుల్లి చెట్టు ఆకారం ఒకటి కనిపించేది. వెనక బెంచీల పిల్లలు కూడా ఆ ఒక్క రోజు నోరు మూసుకుని చూసేవాళ్లు. చెట్టు తయారు చేసుకున్న చక్కెరా కొవ్వూ శిలీంధ్రానికి, శిలీంధ్రం మట్టిలోంచి తోడిన భాస్వరం చెట్టుకు చేతులు మారేది అక్కడే. ఇలా మొక్కలు శిలీంధ్రాలకు అందించే కార్బన్ ఏడాదికి దాదాపు 1,300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని 2023లో ఒక అంచనా వచ్చింది. బొగ్గు, పెట్రోలు వగైరా మండించి మనం ఏటా వదిలేదాంట్లో మూడో వంతుకు పైనే. అందులో మట్టిలో కలకాలం నిలిచేది ఎంత అన్నది వేరే ప్రశ్న, ఆ అంకె దానికి జవాబు చెప్పదు.

నిలవడం, నిలవకపోవడం దగ్గరే అసలు చిక్కుంది. 1971లో న్యూజిలాండ్‌లో గాడ్గిల్ దంపతులు పైన్ తోటలో చెట్ల వేళ్లను తెగ్గొట్టి చూశారు. వేళ్లు, వాటి శిలీంధ్రాలు లేని చోట రాలిన ఆకులు ఇంకా త్వరగా కుళ్లిపోయాయి. అంటే వేళ్ల శిలీంధ్రాలు ఉన్నప్పుడు, ఆకును కుళ్లబెట్టే సూక్ష్మజీవులతో నత్రజని కోసం పోటీపడి వాటి పనికి బ్రేకు వేస్తున్నాయని వాళ్లు అర్థం చెప్పారు. దీనికి ఎదురు నడిచేదీ ఉంది. వేళ్లు వదిలే తీపి రసాలకు సూక్ష్మజీవులు పుంజుకుని, పాత కార్బన్‌ను కూడా కరగదీసేస్తాయి. స్కాట్లాండ్‌లో బర్చ్, పైన్ మొక్కలు నాటిన పొదల బీళ్లను 12 ఏళ్లకూ 39 ఏళ్లకూ కొలిచి చూస్తే, చెట్లలో పెరిగిన కార్బన్‌కు మట్టిలో తరిగిన కార్బన్ చెల్లుకు చెల్లైంది. 2020లో వచ్చిన ఫలితమిది. అక్కడి నేల పీట్ (సగం కుళ్లి పేరుకున్న మొక్కల పొర) కలిసినది, మనది చల్క (ఎర్రటి ఇసుక నేల). దాన్ని తెచ్చి ఇక్కడ అతికించలేం. మొక్క నాటినంత మాత్రాన మట్టిలో కార్బన్ పెరిగిపోతుందన్న ధీమా మాత్రం తగ్గించుకోవాలి.

మన దగ్గర వేప, కానుగ, చింత, మోదుగ, సీతాఫలం లాంటివన్నీ ప్రధానంగా వ్యామ్ రకం శిలీంధ్రాలతో బతికేవే. పైన్ అడవుల్లోలా వీటి కింద ఆకు ఏళ్ల తరబడి మెత్తలా పేరుకోదు. నాలుగు వానలు పడి చెదలు పట్టాయంటే త్వరగానే మాయమవుతుంది. నిలిచే కార్బన్ మట్టి రేణువులను అంటుకుని, వేళ్లూ శిలీంధ్రపు దారాలూ కూడగట్టిన చిన్న చిన్న గుల్ల గడ్డల్లో దాక్కుని ఉంటుంది. ఆ గడ్డ చిదిమితే లోపలిది సూక్ష్మజీవుల పాలై గాలిలో కలుస్తుంది. ఈ శిలీంధ్రాలు ఎక్కువగా ఉండేదేమో పై జానెడు మట్టిలోనే. ఆకు ఊడిస్తే మే నెల ఎండకు మాడేది ఆ జానెడే, జేసీబీ మొదట పెళ్లగించేదీ ఆ జానెడే.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి ఆఖరున బుల్డోజర్లు దిగినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నప్పుడు, చర్చంతా కూలిన చెట్లు ఎన్ని, నెమళ్లు, జింకలు ఏమయ్యాయన్నదాని చుట్టే తిరిగింది. ‘అక్కడున్నవి తుప్పలేగా’ అన్నవాళ్లూ ఉన్నారు. తుప్పల కింది మట్టిని మళ్లీ తయారు చేయించడానికి ఏ కాంట్రాక్టరుకు టెండరు ఇస్తాం?

కొత్తగా చట్టం చేయమని కూడా అడగడం లేదు. పెద్ద భవన నిర్మాణాలకు పెట్టే పర్యావరణ షరతుల్లో, కట్టడాలూ రోడ్లూ వచ్చే చోట 20 సెంటీమీటర్ల లోతు పై మట్టిని విడిగా తీసి దాచి, అక్కడే మొక్కల పెంపకానికి వాడాలని ఉంది. మా చుట్టుపక్కల లేచిన టవర్లలో అలా దాచిన మట్టి గుట్ట ఒక్కటీ నా కంటపడలేదు. కనిపించినవల్లా బయటికి పోతున్న టిప్పర్లు. ఆ తర్వాత మొరం పోసి, దానిమీద లాన్ పరిచి, నర్సరీ నుంచి మైకోరైజా పొడి ప్యాకెట్లు కొనుక్కొస్తారు! పర్మిషన్ ఇచ్చిన ప్రాజెక్టుల్లో పై మట్టి ఎంత తీశారో, ఎక్కడ పెట్టారో ఫొటోలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టమని సంబంధిత అధికారులను మీ ద్వారా కోరుతున్నాను.

పార్కుల విషయంలో కోరేది ఇంకా చిన్నది. ట్రాక్‌లు, పిల్లలు ఆడుకునే చోటు ఊడవండి. చెట్ల గుంపుల కింద ఆకు అలాగే వదలండి. ఎండాకాలంలో నిప్పు భయం నిజమే. మనవి ఆకురాల్చే అడవులు, ఒక్క బీడీ ముక్క చాలు. దానికి దారుల వెంబడి ఫైర్ లైన్లు (నిప్పు పాకకుండా ఆకు ఊడ్చిన ఖాళీ పట్టీలు) తీసి, ఆ ఊడ్చిన ఆకును తగలబెట్టకుండా చెట్ల మొదళ్లలో వేయండి. పాముల భయం ఉన్నవాళ్లు ట్రాక్ దిగకపోతే సరి.

రోడ్ల పక్క చెట్లది మరీ అన్యాయం. మాను చుట్టూ టైల్స్, సిమెంటు బిగించేస్తే నీళ్లు ఎటు ఇంకాలి? ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మన నగరంలో ఫుట్‌పాత్ పనుల టెండర్లలో ఆ మీటరు ఖాళీ వదలాలన్న నిబంధన రాయడానికి ఇంకో కోర్టు కేసు దాకా ఎందుకు ఆగాలి? ఈ వానాకాలం పనులు మొదలుకాకముందే రాస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
సైనిక్‌పురి, హైదరాబాద్