కొబ్బరి పొట్టు కుండీల గురించి మా దగ్గర మొక్కలు తీసుకున్నవాళ్లకు

పోయిన వేసవి నుంచి ఇంట్లో పెట్టుకునే మొక్కలన్నీ ఎర్రమట్టి మాని కొబ్బరి పొట్టులోనే ఇస్తున్నాం. ఈ మధ్య తీసుకున్నవాళ్లలో కొందరు పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు కాలినట్టు అవుతున్నాయని, కుండీ పైన తెల్లగా ఉప్పు పేరుకుంటోందని ఫొటోలు పంపారు. తప్పు మాదే. రెండు లోడ్ల పొట్టు ఇటుకలు (పొట్టును గట్టిగా నొక్కి చేసిన దిమ్మలు) సరిగా కడగకుండానే కుండీల్లోకి వెళ్లాయి. సంచి మీద ‘లో ఈసీ’, అంటే ఉప్పు తక్కువ, అని రాసి ఉంటే నమ్మేశాం, మీటరు పెట్టి చూడలేదు.

కొబ్బరి పొట్టులో పొటాషియం, సోడియం పుట్టుకతోనే ఎక్కువ. ఉప్పునీళ్లలో నానిన డొక్కల నుంచి వచ్చిందైతే ఇక చెప్పనక్కర్లేదు. మామూలు నీళ్లతో కడిగితే కరిగే ఉప్పు పోతుంది గానీ, పొట్టు రేణువులను అంటిపెట్టుకుని ఉన్నది పోదు. మీరు ఎరువు వేయగానే ఆ రేణువులు అందులోని కాల్షియం, మెగ్నీషియంను లాక్కుని, బదులుగా పొటాషియం, సోడియం వదులుతాయి. ఎరువు వేసినా మొక్క ఆకలితోనే ఉంటుంది. ముందే కాల్షియం నైట్రేట్ అనే ఎరువు కలిపిన నీళ్లలో పొట్టును నానబెట్టి, రేణువులకు కాల్షియం పట్టించేది ఇందుకే.

ఇంట్లో మీరే చేసుకునేవాళ్లకు 650 గ్రాముల ఇటుక లెక్క చెప్తాం. 4 లీటర్ల నీళ్లలో అరగంట నాననివ్వండి, విరిగి 8-9 లీటర్ల పొట్టు అవుతుంది. 6 అంగుళాల కుండీలు నాలుగు నిండుతాయి. పాత దిండు గలీబులో పోసి పిండండి. మళ్లీ నీళ్లు పోసి మళ్లీ పిండండి. ప్రతిసారీ పిండిన నీళ్లలో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పు కొలిచేది) ముంచి, మీరు పోసిన నీళ్ల రీడింగుతో పోల్చి చూడండి. తేడా 200 పీపీఎం లోపుకు దిగేదాకా కడగాల్సిందే. రంగు చూసి ఆపకండి. ఉప్పంతా పోయినా టీ డికాక్షన్ రంగు వస్తూనే ఉంటుంది, దానివల్ల మొక్కకేమీ కాదు. తర్వాత 4 లీటర్ల నీళ్లలో 15 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి, రాత్రంతా అందులో నానబెట్టి, పొద్దున పిండి, ఒక్కసారి మంచినీళ్లతో కడిగితే సరి. పిండిన నీళ్లు పెరట్లో కొబ్బరి చెట్టుంటే దాని మొదట్లో పోసేయండి, దాని ఉప్పు దానికే. కాల్షియం నైట్రేట్ ప్యాకెట్టు మాత్రం మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. తెరిచి వదిలేస్తే గాలిలో చెమ్మ పీల్చి రెండు రోజుల్లో పాకమవుతుంది.

ఇక నీళ్ల సంగతి. అనంతపురంలో చాలా బోర్ల నీళ్లలో ఉప్పుతో పాటు ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా దాన్ని అస్సలు ఓర్చుకోలేవు. మేం పొట్టు ఎంత బాగా కడిగిచ్చినా, రోజూ బోరు నీళ్లు పోస్తే ఆ ఉప్పు మళ్లీ కుండీలోకే చేరుతుంది. కుళాయి నీళ్లు పట్టి పెట్టుకోండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు ఇంకా మంచివి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. బోరు తప్ప వేరే దారి లేదంటే, మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ తీసుకోండి. పీస్ లిల్లీ మేం అమ్మకపోయినా పర్వాలేదు.

కుండీ అడుగున రాళ్లు వేసే అలవాటున్నవాళ్లకు ఒక మాట. తాడిపత్రి బండల కటింగు ముక్కలు, కడప బండ చూర్ణం ఊరికే దొరుకుతున్నాయని వేస్తున్నారు. అది సున్నపురాయి. కొబ్బరి పొట్టు 5.5 నుంచి 6.5 పీహెచ్‌లో, అంటే కాస్త పులుపు వైపు, ఉండాల్సింది, ఆ ముక్కలతో పైకి పోతుంది. అప్పుడు ఇనుము అందక కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అడుగున బొక్కలుంటే రాళ్లు అక్కర్లేదు.

మొక్కలు ఎక్కువగా చచ్చేది మాత్రం నీళ్లు ఎక్కువై. పొట్టు పైన తెల్లబడి ఎండినట్టు కనబడుతుంది, వేలు రెండు కణుపుల లోతు దింపితే లోపల తడే. కుండీ ఎత్తి బరువు చూడటం నేర్చుకోండి. కూలర్ ఉన్న గదిలో ఏప్రిల్, మేలో కూడా తడి త్వరగా ఆరదు, ఏసీ గదిలో ఆరిపోతుంది. అందుకే వారానికి ఇన్నిసార్లు అని మేం ఇచ్చిన చీటీ చింపేయండి. పూర్తిగా ఎండి, పొట్టు కుండీ గోడ వదిలేస్తే పైనుంచి పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. బకెట్ నీళ్లలో కుండీని 20 నిమిషాలు ఉంచితే మళ్లీ పీల్చుకుంటుంది.

పొట్టులో తిండి లేదు, మీరే పెట్టాలి. 15 రోజులకోసారి లీటరు నీళ్లకు 1 గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు), అర గ్రాము ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం కోసం). ఆ తర్వాతి 15 రోజులకు లీటరుకు 1 గ్రాము కాల్షియం నైట్రేట్ ఒక్కటే. ఈ రెండు విడతల ఎరువులూ ఒకే డబ్బాలో చిక్కగా కలిపితే తెల్లటి మడ్డి కడుతుంది, మడ్డిలోకి పోయింది మొక్కకు అందదు. రెండు నెలలకోసారి కుండీకి రెండింతల నీళ్లు పోసి అడుగు నుంచి పారనివ్వండి, పళ్లెంలో నిలిచింది పారబోయండి.

ఇకపై మా మిశ్రమం 7 పాళ్లు కడిగిన పొట్టు, 3 పాళ్లు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు). వర్మీకంపోస్ట్ తీసేశాం, ఇంట్లో చిన్న నల్ల దోమల్లాంటి పురుగులు లేచేది దానివల్లే ఎక్కువ. జెడ్‌జెడ్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్‌కు పొట్టు సగం లోపే, మిగతాది పెర్లైట్, కడిగిన వాగు ఇసుక. కడగడానికి నీళ్లు, మనిషి రెండూ కావాలి కాబట్టి 6 అంగుళాల కుండీ మీద 20 రూపాయలు పెరుగుతుంది.

ఆ రెండు లోడ్ల కుండీలు తీసుకున్నవాళ్లు బిల్లు లేకపోయినా తెచ్చేయండి, ఊరికే మార్చిస్తాం. ఎండెక్కకముందు వస్తే వేర్లు వాడవు. వచ్చేటప్పుడు మీ ఇంటి నీళ్లు ఒక సీసాలో పట్టుకురండి, అక్కడే మీటరు పెట్టి చూసి, వాటికి ఏ మొక్క నిలుస్తుందో చెప్తాం.