ఇరవై మూడు ఫోన్లు, మూడు ‘పరిష్కారాలు’, అదే ఎయిర్‌బ్యాగ్

కస్టమర్ కేర్ పెద్దవారికి (పేరు అడిగితే ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇలాగే రాస్తున్నాను),

విషయం: రీకాల్‌లో ఉన్న (అంటే లోపముందని మీరే వెనక్కి పిలిచిన) మా వ్యాన్ ఎయిర్‌బ్యాగ్ మార్చకపోవడం, మార్చమని అడిగినవాణ్ణి నాలుగు నెలలుగా బంతాట ఆడటం.

అయ్యా,

బండి పాతదని నాకు తెలుసు, ఆ మాట మీరు మళ్లీ చెప్పక్కర్లేదు. 2012 మోడల్ ఎనిమిది సీట్ల వ్యాన్, కిందటేడు మీ బోర్డు ఉన్న సెకండ్‌హ్యాండ్ షోరూమ్‌లోనే 4 లక్షల 60 వేలకి కొన్నాను. పాత వ్యాన్ కొన్నవాడి నుదుటన ఏమేం రాసి ఉంటాయో అవన్నీ నాకూ వచ్చాయి. స్లైడింగ్ డోర్ రోలర్ అరిగిపోయి తలుపు సగంలో మొరాయించేది, పాత బండ్ల సామాన్లు దొరికే పుదుపేటంతా తిరిగి రోలర్ తెచ్చి వేయించాను. వెనక సీట్ల ఏసీ కూలింగ్ కాయిల్ లీకైంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టకటకమని మోత. తర్వాత క్లచ్ ప్లేట్, ఆ తర్వాత రేడియేటర్ గొట్టం. వీటిలో ఒక్కదానికైనా మీకు ఫోన్ చేశానా? లేదు. పదమూడేళ్ల బండికి ఆమాత్రం ఉంటుంది, మా అమ్మ మోకాళ్లకీ ఉన్నాయి. అన్నీ నా జేబులోంచే పెట్టుకున్నాను.

చెన్నైలో సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాడెవడూ 2015 డిసెంబరు వరదనీ 2023 మిచౌంగ్ తుపాన్నీ తలుచుకోకుండా కొనడు. నేనూ సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి బురద మరక ఉందేమో చూశాను, కార్పెట్ ఎత్తి వాసన చూశాను, బోల్టుల మీద తుప్పు చూశాను. నేను చూడలేనిది డాష్‌బోర్డు లోపల ఉన్నదొక్కటే. అది చూడ్డానికి మీరున్నారు కదా. మీరిచ్చిన చెకప్ కాగితంలో ‘ఎయిర్‌బ్యాగ్’ అన్నదానికి ఎదురుగా పచ్చ టిక్కు ఉంది, కింద సంతకం ఉంది, స్టాంపు కూడా ఉంది. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి పెట్టుకున్నాను, పిచ్చివాణ్ణి.

జూన్‌లో మా మేనల్లుడు ఊరికే, ఏమీ తోచక, మీ వెబ్‌సైట్‌లో మా ఛాసిస్ నంబర్ కొట్టాడు. ఎర్ర అక్షరాల్లో వచ్చింది, ముందు ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్, రీకాల్ పెండింగ్ అని. పక్కనున్న తేదీ చూస్తే మేం బండి కొనడానికి ఏళ్ల ముందుది. అంటే మీరు పచ్చ టిక్కు పెట్టేటప్పటికే ఈ సంగతి మీ కంప్యూటర్‌కి తెలుసు, మీ పెన్నుకి తెలియదు.

ఈ ఇన్‌ఫ్లేటర్ గొడవేంటో మీకు చెప్పక్కర్లేదు గానీ, మీ ఫోన్లో మాట్లాడేవాళ్లకి చెప్పాలి, ఎందుకంటే వాళ్లు దాన్ని ఫ్లోర్ మ్యాట్ లాంటిదనుకుంటున్నారు. ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించడానికి ఇనప డబ్బాలో మందు పెడతారు, ఆ డబ్బానే ఇన్‌ఫ్లేటర్. అమ్మోనియం నైట్రేట్ మందుతో చేసిన కొన్ని డబ్బాల్లో, ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి ఆ మందు పాడవుతుంది. అప్పుడు గుద్దుకుంటే అది అవసరానికి మించి భగ్గుమని డబ్బానే పగలగొడుతుంది, ఆ ఇనప ముక్కలు ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం మీదికొస్తాయి. ఈ ఒక్క కారణానికే ప్రపంచమంతటా కోట్ల కార్లు వెనక్కి పిలిపించారు, మనుషులు పోయారు కూడా. వేడి, తేమ అంటున్నారు కదా, మేముండేది చెన్నైలోనండీ. ఇక్కడ ఆ రెండూ ఉచితం, ఏడాదంతా.

సరే, లోపం వచ్చింది, ఏ కంపెనీకైనా వస్తుంది. నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ఇరవై రెండేళ్లుగా మెషిన్ షాపులో పనిచేస్తున్నాను. మా దగ్గర ఒక లాట్ తేడా వచ్చిందంటే పోయిన ప్రతి డబ్బా వెనక్కి తెప్పించుకుంటాం, అది ఎవరి చేతులు మారిందో అడగం. అందుకే లోపం గురించి కాదు నా కోపం. ఇకపై రాసేది మీరు పూర్తిగా చదవాలి, ఎందుకంటే ఇదంతా నేను పూర్తిగా అనుభవించాను.

మొదటి ఫోన్ జూన్ 11న. తెలుగు కోసం ఐదు నొక్కమంది, నొక్కాను. పద్దెనిమిది నిమిషాలు సన్నాయి లాంటిదేదో మోగాక హిందీలో ఒకాయన వచ్చాడు. తెలుగులో మొదలుపెట్టి, తమిళంలోకి దిగి, చివరికి నాకొచ్చిన ముక్కల ఇంగ్లిష్‌లో చెప్పాను. ఛాసిస్ నంబర్ చెప్పమన్నాడు. పదిహేడు అక్షరాలూ అంకెలూ, ఒక్కోటి చెప్తుంటే మధ్యలో ఆపి “ఓ ఫర్ ఆరెంజా సార్, సున్నానా?” అన్నాడు. సున్నా అన్నాను. మళ్లీ అడిగాడు. బాబూ, ఛాసిస్ నంబర్‌లో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలే వాడరు, ఈ గందరగోళం రాకూడదనే వాటిని తీసేశారు, అది నీ కంపెనీ వాళ్లే నీకు చెప్పాలి అన్నాను. “ఓకే సార్, అయితే ఓ ఫర్ ఆరెంజ్” అని కొట్టుకున్నాడు. ఆ నంబర్‌తో ఏ బండీ దొరకలేదట. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మీ అనుభవానికి ఐదులో ఎన్ని మార్కులు?

తర్వాతి వారం ఇంకో అమ్మాయి, చాలా మర్యాదస్తురాలు, నంబర్ సరిగ్గానే కొట్టింది. కొట్టి, “ఈ బండి మీ పేరు మీద లేదండి” అంది. ఆర్‌సీ నా పేరు మీదే ఉంది, ఓనర్ పేరు మార్చే ఫారం 29, ఫారం 30 రెండూ సంతకాలయ్యాయి, ఆర్‌టీవోలో మార్పయింది అన్నాను. అది ప్రభుత్వం రికార్డట, వీళ్ల సిస్టమ్‌లో మొదటి ఓనరే ఉన్నాడట, రిక్వెస్ట్ ఆయన నుంచే రావాలట. బండి అమ్మింది మీరే కదమ్మా, డబ్బు తీసుకునేటప్పుడు నేను కనపడ్డాను కదా అంటే, “సెకండ్ ఓనర్స్‌కి ప్రాసెస్ వేరే ఉంటుందండి” అంది. ఆ ప్రాసెస్ ఏంటో చెప్పమన్నాను. హోల్డ్‌లో పెట్టింది. అరగంట చూశాను, లైన్ కట్టయింది.

మొదటి ఓనర్‌ని నేనే వెతికి పట్టుకున్నాను. తాంబరంలో ఉంటారు, పెద్దాయన. పాపం ఆయన ఏం చేస్తాడు? “ఆ, కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది తంబీ, బండి అమ్మేశాక వచ్చింది, నాకెందుకని పారేశా” అన్నాడు. అంటే మీరు ప్రాణం మీదికొచ్చే సంగతి రాసిన ఉత్తరం, బండి లేని మనిషి ఇంటికెళ్లి చెత్తబుట్టలో పడింది. బండి ఉన్నవాడు అడిగితే మాత్రం పేరు లేదంటున్నారు. ఆయన మంచివాడు కాబట్టి నా కోసం కాగితం రాసి సంతకం పెట్టిచ్చాడు. దాన్ని స్కాన్ చేసి నాలుగు సార్లు పంపాను. నాలుగు సార్లూ మీ నుంచి ఒకే మెయిల్, ‘ప్రియమైన కస్టమర్, మీ సహనానికి ధన్యవాదాలు’ అని. సహనం అక్కడెక్కడా లేదు సార్, వెతక్కండి.

జూలైలో నేరుగా సర్వీస్ సెంటర్‌కే వెళ్లాను, సగం రోజు జీతం పోగొట్టుకుని. సర్వీస్ అడ్వైజర్ బండిలోకి తల పెట్టి, ఆ ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట డాష్‌బోర్డు మీద అరచేత్తో రెండు సార్లు తట్టాడు, పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు. “ఇన్నేళ్లూ ఏం కాలేదు కదా సార్, ఇప్పుడేం అవుతుంది?” అన్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ పాడయ్యే వస్తువు గురించి మాట్లాడుతున్నాం అని నేనంటే, పార్ట్ ఆర్డర్ పెట్టాలంటే కస్టమర్ కేర్ నుంచి అప్రూవల్ రావాలన్నాడు. కస్టమర్ కేర్‌ని అడిగితే సర్వీస్ సెంటర్ రిక్వెస్ట్ పెట్టాలన్నారు. ఇద్దరినీ ఒకే కాల్‌లో కలపమన్నాను. అలాంటి సదుపాయం లేదట. కోట్ల రూపాయల కంపెనీకి కాన్ఫరెన్స్ కాల్ లేదు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఉంది.

ఆగస్టులో తగిలినామె అన్నిటికంటే తెలివైంది. “మీ బండికి ఏడేళ్లు దాటాయి సార్, రూల్ ప్రకారం రీకాల్ వర్తించదు” అంది. ఆ రాత్రి నేను కూర్చుని చదివాను. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ఆ ఏడేళ్ల లెక్క, లోపమున్న బండిని వెనక్కి పిలవమని ప్రభుత్వం కంపెనీ మెడలు వంచడానికి పెట్టింది. వినకపోతే 10 లక్షల నుంచి కోటి దాకా జరిమానా అన్నది కూడా అందులోనే ఉంది. మీరు మీ అంతట మీరే పిలిచి, మీ వెబ్‌సైట్‌లో ఈ రోజుకీ పెండింగ్ అని చూపిస్తున్నదానికి ఏడేళ్ల సాకేంటి? నా మీద వాడ్డానికే ఆమెకి ఆ రూల్ నేర్పినట్టున్నారు.

సెప్టెంబర్‌లో మాత్రం ఒకతను, పాపం కుర్రాడు, నిజం చెప్పాడు. “సార్, పార్ట్ వచ్చేదాకా ముందు సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకండి” అన్నాడు. ఇన్ని ఫోన్లలో పనికొచ్చిన మాట అదొక్కటే. కూర్చోబెట్టడం లేదు. ఆ సీటు మా అమ్మది. మోకాళ్లు వంగవు కాబట్టి ముందు సీటు వెనక్కి జరిపి, కాళ్లు చాపుకుని, నెల్లూరు దాకా గూడూరు ఎప్పుడొస్తుంది, నాయుడుపేట దాటామా అని అడుగుతూ వచ్చేది. మొన్న దసరాకి వెళ్తుంటే మధ్య వరసలో కూర్చోబెట్టాం. తడ దాటేసరికి కాళ్లు వాచాయి. “నేనేం తప్పు చేశాన్రా, వెనక్కి నెట్టావు?” అంది. ముందు సీట్లో అరటిపళ్ల గెల, తాంబూలం సంచి పెట్టాం. మీ సిస్టమ్‌లో ఆ గెలకైనా పేరుందేమో చూడండి.

ఇంకో సంగతి కూడా మీరు వినాలి. మా నాన్న మీ కంపెనీ వ్యాన్ మీదే పద్దెనిమిదేళ్లు బతికారు, సూళ్లూరుపేట నుంచి మద్రాసుకి ట్రిప్పులు కొట్టేవారు. ఆయన పోయాక మా అన్నయ్య కొన్నదీ మీ బండే, మా బావకి కొనిపించిందీ నేనే, వేరే కంపెనీ వైపు చూడనివ్వలేదు. ఈ ఏడు ఆయుధ పూజకి కూడా ఈ బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. బొట్టు పెడుతూ నా భార్య ఆ డాష్‌బోర్డు వైపు చెయ్యి పెట్టడానికి జంకింది. పూజ చేసే వస్తువుని చూసి భయపడాల్సి రావడం మా ఇంట్లో ఇదే మొదటిసారి.

మీరేం చేయాలంటారా? ఆ ఇన్‌ఫ్లేటర్ మార్చాలి, ఉచితంగా. ఏ రోజు మారుస్తారో తేదీ వేసి కాగితం మీద రాసివ్వాలి, ఫోన్లో కాదు. పచ్చ టిక్కు పెట్టిన మనిషి ఏం చూసి పెట్టాడో నాకు చెప్పాలి. నష్టపరిహారం సంగతి తర్వాత మాట్లాడదాం, అది మీ ప్రవర్తనని బట్టి పెరగొచ్చు.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను, అక్కడ కనీసం ఆరెంజ్ గోల ఉండదనుకుంటున్నాను. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు, మా బండి ధర మీకు గుర్తుందిగా. అదీ కాకపోతే దీపావళి డెలివరీల రోజు, పూలదండలు వేసిన కొత్త బండ్లు మీ షోరూమ్ గేటు దాటి బయటికొచ్చే టైముకి, మా వ్యాన్‌ని ఎదురుగా రోడ్డు పక్కన పెట్టి తెలుగు, తమిళం, ఇంగ్లిష్ మూడు భాషల్లో బ్యానర్ కడతాను. లామినేషన్ చేయించిన పచ్చ టిక్కు కాగితం కూడా పక్కనే వేలాడుతుంది. మా మేనల్లుడు వీడియో తీస్తానని ఇప్పటికే ఉత్సాహపడుతున్నాడు, నేనే ఆపుతున్నాను.

ఇట్లు,
మీ సిస్టమ్‌లో లేని సెకండ్ ఓనర్,
అంబత్తూరు, చెన్నై

తా.క. ఫోన్ చేసేవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత చేయండి, షిఫ్టులో ఎత్తను. ఛాసిస్ నంబర్ మళ్లీ అడగొద్దు, మీ దగ్గర పదకొండు సార్లు ఉంది. అందులో ఓ లేదు.