నర్సుల పీహెచ్‌డీ అంశాలు వార్డుల్లోంచి రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఎం.ఎస్సీ. నర్సింగ్ ముగించి, కొన్నేళ్లు వార్డుల్లోనో తరగతి గదుల్లోనో పనిచేసి, పీహెచ్‌డీకి సిద్ధపడుతున్న నర్సులు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నారు. ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ నర్సింగ్ కళాశాలలో ఈ చదువు 1992లో మొదలైంది. ఆ తరువాత ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నర్సింగ్ పీహెచ్‌డీ కోసం జాతీయ కన్సార్షియం (సంస్థల ఉమ్మడి వేదిక) ఏర్పరచాక మిగతా ప్రాంతాల వారికీ అవకాశం పెరిగింది. ఇలా కొత్తగా చేరుతున్న వారు ఎంచుకుంటున్న పరిశోధనాంశాల గురించి, నర్సింగ్ అధ్యాపకురాలిగా నా అభిప్రాయాన్ని మీ పాఠకుల ముందుంచుతున్నాను.

నేను చూసిన సినాప్సిస్‌లలో (పరిశోధన ప్రతిపాదనల్లో) చాలా వరకు ఒకే మూసలో ఉంటున్నాయి. కొందరు తల్లులనో విద్యార్థులనో ఎంచుకుని, ఒక విషయంపై వారి అవగాహనను ప్రశ్నావళితో కొలిచి, కాసేపు బోధించి, వారం తరువాత అదే ప్రశ్నావళిని మళ్లీ ఇచ్చి, మార్కులు పెరిగాయని నిరూపించడం ఆ మూస. ఆ అవగాహన ఆరు నెలల తరువాత కూడా నిలిచిందా, దానివల్ల బిడ్డ బరువు పెరిగిందా, రోగి పుండు మానిందా అన్న ప్రశ్నల వరకు ఆ పరిశోధన వెళ్లదు. ఇందుకు అభ్యర్థులను తప్పుపట్టలేను. నైట్ డ్యూటీ దిగి వచ్చి, వారాంతపు సెలవులో వివరాలు సేకరించుకునే నర్సు త్వరగా ముగిసే అంశాన్నే కోరుకుంటుంది. గైడ్ కూడా తనకు అలవాటైన పద్ధతినే సూచిస్తారు.

నిజానికి నర్సు మాత్రమే దగ్గరగా చూడగలిగిన విషయాలు మన ఆసుపత్రుల్లో ఎన్నో ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణమేమిటన్నది ఇంకా పూర్తిగా తేలలేదు, దానిపై వైద్యులూ శాస్త్రవేత్తలూ పనిచేస్తున్నారు. అయితే డయాలసిస్‌కు వచ్చే కొబ్బరితోట కూలీ, ఎండలో పని మానలేనివాడు, రోజుకు ఇన్ని నీళ్లే తాగాలన్న కట్టుబాటును ఎలా పాటిస్తున్నాడు, ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసే ఏర్పాటు) వేసిన చేతిని బరువు పనుల నుంచి ఎలా కాపాడుకుంటున్నాడు, ఒక విడత డయాలసిస్ తప్పిపోతే అందుకు కారణం బస్సా, కూలి డబ్బులా, నిరాశా? ఏళ్ల తరబడి అతని పక్కన నిలబడే డయాలసిస్ నర్సు కన్నా ఈ ప్రశ్నలను బాగా అడగగలవారు లేరు. ఇది నా దృష్టిలో పూర్తి స్థాయి పీహెచ్‌డీ అంశం.

కాన్పుల సంగతీ అంతే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌లే. ఆ రాష్ట్రం 2017లోనే నర్సులకు మిడ్‌వైఫరీ (సహజ కాన్పుకు తోడ్పడే) శిక్షణ ప్రారంభించింది కనుక, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ తోడుగా ఉన్నచోట సహజ కాన్పులు ఎలా ఉన్నాయో, తల్లికి ఆ అనుభవం ఎలాంటిదో నర్సులే పరిశోధించాలి.

ఇలాంటి పరిశోధనకు ఎంత బలముంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలి బృందం, పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగుల వివరాలను పరిశీలించి, ఒక్కో నర్సుపై ఒక్కో రోగి భారం అదనంగా పడిన కొద్దీ ముప్పై రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరిగిందని 2002లో వెల్లడించింది. ఒక్కో వార్డును ఒకరిద్దరు నర్సులే నెట్టుకొచ్చే మన ప్రభుత్వాసుపత్రుల్లో ఈ లెక్క తేల్చే పరిశోధన ఎందుకు జరగకూడదు?

అందుకు ప్రభుత్వాలు సర్వీసులో ఉన్న నర్సులకు జీతంతో కూడిన స్టడీ లీవును జాప్యం లేకుండా మంజూరు చేయాలి. ఆసుపత్రి రికార్డులను చూసే అనుమతి, ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో నైతిక నియమాలను పరిశీలించే సంఘం) ఆమోదం పొందాక, ఏ ఇతర వైద్య పరిశోధకుడికి దొరికినంత సులువుగా వారికీ దొరకాలి. ఆరోగ్య విశ్వవిద్యాలయాలు తాము ఆమోదించిన నర్సింగ్ పీహెచ్‌డీ అంశాల జాబితాను ఏటా బహిరంగపరచి, పూర్తయిన ప్రతి థీసిస్ సారాంశాన్ని తెలుగులో కూడా రాయించి, ఆ పరిశోధన జరిగిన ఆసుపత్రి సూపరింటెండెంటుకూ హెడ్ నర్సులకూ పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు,
విశాఖపట్నం